బయటికి పంపిన సొమ్ము, లోనికి పిలిచిన సొమ్ము: వర్జీనియా విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల ఉపకారవేతనాల చరిత్ర (1935–2023)

వ్యాస సంగ్రహం

ఉన్నత విద్యకు దూరమైన వర్గాలకు చదువును చేరువ చేసే సాధనంగా ఉపకారవేతనాన్ని భావించడం పరిపాటి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర చరిత్ర ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని చూపుతుంది. 1936లో ఆ రాష్ట్రం నల్లజాతి విద్యార్థులకు ఇచ్చిన ఆర్థిక సహాయం వారిని తన విశ్వవిద్యాలయంలోకి రానీయకుండా ఉండేందుకు ఉద్దేశించినది. 1987లో అదే విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థులు నెలకొల్పిన నిధి నల్లజాతి విద్యార్థులను లోనికి ఆహ్వానించేందుకు ఉద్దేశించినది. అక్కడి తొలి నల్లజాతి పట్టభద్రులైన వాల్టర్ రిడ్లీ పేరు ఆ నిధికి పెట్టారు. ఈ రెండింటి మధ్య చరిత్రను, తరువాత వచ్చిన న్యాయస్థానాల తీర్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఉపకారవేతనం, వేర్పాటు విధానం, వర్జీనియా విశ్వవిద్యాలయం, ఎలిస్ జాక్సన్, డోవెల్ చట్టం, వాల్టర్ రిడ్లీ, సమాన రక్షణ.

1. ప్రవేశిక

తెలుగులో 'ఉపకారవేతనం' అనే మాటలో రెండు భావాలు ఉన్నాయి. ఒకటి ఉపకారం: ఇచ్చేవారి దయ. రెండవది వేతనం: పుచ్చుకొనేవారి అర్హతకు దక్కే ప్రతిఫలం. దయ అయితే ఇచ్చేవారు ఎప్పుడైనా ఆపవచ్చు. అర్హత అయితే అడిగి తీసుకోవచ్చు. ఉపకారవేతనాల చరిత్రను రాసేవారు సాధారణంగా ఎంతమందికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు అన్న లెక్కలపై దృష్టి పెడతారు. ఆ సొమ్ము విద్యార్థిని ఎక్కడికి తీసుకువెళ్ళింది అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

వర్జీనియా విశ్వవిద్యాలయం ఈ ప్రశ్నకు అనువైన ఉదాహరణ. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1819లో షార్లట్స్‌విల్‌లో స్థాపించిన ఈ సంస్థ భవనాల నిర్మాణంలోనూ, నిత్యనిర్వహణలోనూ బానిసలుగా ఉన్న నల్లజాతీయుల శ్రమ ఉంది. బానిసత్వం రద్దయిన తరువాత కూడా దాదాపు ఎనిమిది దశాబ్దాలకు పైగా నల్లజాతి విద్యార్థికి అక్కడ ప్రవేశం లభించలేదు. 1902 నాటి వర్జీనియా రాజ్యాంగం శ్వేతజాతి, నల్లజాతి పిల్లలకు ఒకే పాఠశాలలో బోధించరాదని నిర్దేశించింది. 'వేరైనా సమానమే' అన్న వాదాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1896లోనే ప్లెస్సీ కేసులో ఆమోదించింది. అయితే స్నాతకోత్తర, వృత్తివిద్యల విషయంలో వర్జీనియా ఆ వాదాన్ని కూడా పాటించలేదు. నల్లజాతీయులకు వేరు విద్యాసంస్థ ఉన్నా, అందులో స్నాతకోత్తర విద్యే లేదు. ఈ లోటు నుండే రాష్ట్రపు తొలి ఉపకారవేతన విధానం పుట్టింది.

2. ఎలిస్ జాక్సన్ దరఖాస్తు, డోవెల్ చట్టం

1935 వేసవిలో పొరుగున ఉన్న మేరీలాండ్‌లో డొనాల్డ్ మర్రే అనే నల్లజాతి యువకుడు రాష్ట్ర విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో ప్రవేశానికి కోర్టు ఉత్తర్వు సాధించాడు. నల్లజాతీయుల పురోగతి కోసం ఏర్పడిన జాతీయ సంఘం తరఫున చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, థర్గుడ్ మార్షల్ ఆ కేసు వాదించారు. వేర్పాటు విధానాన్ని ముందుగా స్నాతకోత్తర, వృత్తివిద్యల రంగంలో ఎదుర్కోవాలన్నది హ్యూస్టన్ వ్యూహం. అక్కడ సమాన సదుపాయాలు ఉన్నాయని నటించడానికి కూడా రాష్ట్రాల వద్ద ఆధారం లేదు.

అదే సంవత్సరం ఆగస్టులో రిచ్‌మండ్ నగరానికి చెందిన ఎలిస్ జాక్సన్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి భాషలో ఎం.ఏ. చదవడానికి దరఖాస్తు చేశారు. ఆమె వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయ పట్టభద్రురాలు. ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశం కోరిన తొలి నల్లజాతి వ్యక్తిగా ఆమె చరిత్రలో నిలిచారు. 'బోర్డ్ ఆఫ్ విజిటర్స్' అనే పాలకమండలి సెప్టెంబరులో ఆ దరఖాస్తును తిరస్కరించింది. రెండు జాతులవారు ఒకే విద్యాసంస్థలో చదవడం రాష్ట్ర విధానానికి విరుద్ధమన్నది ఒక కారణం. దానికి తోడు 'ఇతర తగిన కారణాలు' కూడా ఉన్నాయని మండలి పేర్కొంది. ఆ ఇతర కారణాలేమిటో తెలపాలని జాక్సన్ లిఖితపూర్వకంగా కోరారు. మండలి వాటిని వివరించలేదు.

ఈ ఉదంతానికి రాష్ట్ర శాసనసభ ఇచ్చిన సమాధానం 1936 నాటి చట్టం. దానిని ప్రతిపాదించిన శాసనసభ్యుడు ఆష్టన్ డోవెల్ పేరుతో అది డోవెల్ చట్టంగా వ్యవహారంలోకి వచ్చింది. శ్వేతజాతీయులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో లభించే కోర్సు నల్లజాతీయులకు రాష్ట్రంలో లభించనప్పుడు, వారు ఇతర రాష్ట్రాలకు వెళ్ళి ఆ కోర్సు చదువుకోవడానికి అదనంగా అయ్యే ఖర్చును ప్రభుత్వం భరిస్తుందన్నది దాని సారాంశం. పీటర్స్‌బర్గ్‌లోని నల్లజాతీయుల ప్రభుత్వ కళాశాలలో స్నాతకోత్తర విద్యను ప్రారంభించే ప్రయత్నం కూడా ఆ కాలంలోనే మొదలైంది.

జాక్సన్ ఈ సహాయంతోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1937లో ఎం.ఏ. పూర్తిచేశారు. అనంతరం అధ్యాపకురాలిగా జీవితం గడిపారు. చదువు పరంగా ఆమెకు నష్టం కలిగిందని చెప్పడం కష్టం. కొలంబియా ఏ లెక్కన చూసినా తక్కువ స్థాయి సంస్థ కాదు. డోవెల్ చట్టపు స్వభావం సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. ఆ చట్టం విద్యను నిరాకరించలేదు, విద్యకు సొమ్ము ఇచ్చింది. అది నిరాకరించినది సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో పౌరురాలిగా ఆమెకున్న స్థానాన్ని.

ఇదే కొలంబియాకు 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో అంబేద్కర్ వెళ్ళిన సంగతి తెలుగు పాఠకులకు సుపరిచితం. గమ్యం ఒకటే అయినా ఆ రెండు సహాయాల ఉద్దేశాలు వేరు. బరోడా ఇచ్చిన సొమ్ము అంతవరకు లేని దారిని ఏర్పరచింది. వర్జీనియా ఇచ్చిన సొమ్ము ఉన్న దారిని మూసి ఉంచేందుకు చెల్లించిన మూల్యం. అందుకే ఉపకారవేతనాన్ని దాని పరిమాణంతోనో, విద్యార్థి సాధించిన పట్టాతోనో మాత్రమే అంచనా వేయడం సరిపోదు.

3. గెయిన్స్ తీర్పు నుండి స్వాన్సన్ ప్రవేశం వరకు

ఇటువంటి ఏర్పాటు వర్జీనియాకే పరిమితం కాదు. మిస్సోరి రాష్ట్రంలోనూ ఇదే పద్ధతి ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో ప్రవేశం నిరాకరించినందుకు లాయిడ్ గెయిన్స్ వేసిన దావా సుప్రీంకోర్టుకు చేరింది. పొరుగు రాష్ట్రంలో చదువుకోవడానికి అయ్యే ఫీజు చెల్లిస్తామన్నది మిస్సోరి వాదన. 1938 డిసెంబరు 12న ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ వెలువరించిన తీర్పు ఈ వాదనను తోసిపుచ్చింది. ఇతర రాష్ట్రాలు ఏ అవకాశాలు కల్పిస్తున్నాయన్నది ప్రశ్నే కాదనీ, మిస్సోరి తన పరిధిలో శ్వేతజాతీయులకు ఇస్తున్నదేమిటి, రంగు కారణంగా నల్లజాతీయులకు నిరాకరిస్తున్నదేమిటి అన్నదే ప్రశ్న అనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. రాజ్యాంగం పద్నాలుగవ సవరణ హామీ ఇచ్చిన సమాన రక్షణ బాధ్యతను ఒక రాష్ట్రం మరొక రాష్ట్రంపైకి నెట్టలేదు. కోరేవాడు ఒక్కడే అయినా ఆ హక్కు వ్యక్తిగతమైనదే.

సిద్ధాంతపరంగా డోవెల్ చట్టం వంటి పథకాల పునాది ఈ తీర్పుతో కూలిపోయింది. ఆచరణలో అలా జరగలేదు. మిస్సోరి హడావుడిగా నల్లజాతీయులకు వేరు న్యాయకళాశాలను ఏర్పాటు చేసింది. గెయిన్స్ 1939లో షికాగోలో అదృశ్యమయ్యాడు, ఆయన ఏమయ్యాడో తేలలేదు. వర్జీనియాతో సహా దక్షిణాది రాష్ట్రాలు విద్యార్థులను బయటికి పంపే సహాయాన్ని కొనసాగించాయి. స్వచ్ఛందంగా పుచ్చుకొంటున్నప్పుడు హక్కుకు భంగం ఎక్కడిదన్నది వాటి సమర్థన. చదువుకోవాలన్న తపన, చేతిలో లేని డబ్బు, కోర్టు దావాకు పట్టే సంవత్సరాలు కలిసి విద్యార్థిని ఆ సహాయానికి ఒప్పించేవి. దరఖాస్తుదారు సంతకం చేసిన ప్రతి చెక్కూ రాష్ట్రానికి ఒక దావాను తప్పించింది.

1950 జూన్ 5న వెలువడిన స్వెట్, మెక్‌లారిన్ తీర్పులు పరిస్థితిని మార్చాయి. భవనాలు, పుస్తకాలు, ఆచార్యుల సంఖ్య వంటి కొలవదగిన అంశాలతోపాటు, సంస్థ ప్రతిష్ఠ, పూర్వవిద్యార్థుల పలుకుబడి, సహాధ్యాయులతో చర్చించే అవకాశం వంటి కొలతకు అందని అంశాలు కూడా సమానత్వంలో భాగమేనని సుప్రీంకోర్టు స్వెట్ కేసులో గుర్తించింది. కొలంబియా పట్టా ఉన్నంత మాత్రాన జాక్సన్‌కు జరిగిన అన్యాయం చెరిగిపోదని ఈ తర్కం పరోక్షంగా నిరూపిస్తుంది.

గ్రెగరీ స్వాన్సన్ అనే న్యాయవాది వర్జీనియా విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో స్నాతకోత్తర విద్యకు దరఖాస్తు చేశారు. ఆయన హోవర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులు. అధ్యాపకులు ఆమోదించినా పాలకమండలి తిరస్కరించింది. సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ ధర్మాసనం ఆయనకు ప్రవేశం కల్పించాలని ఆదేశించింది. ఆ విశ్వవిద్యాలయంలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి స్వాన్సనే. అయితే ఆవరణలోని వసతిగృహాలలో ఉండే అవకాశం ఆయనకు లభించలేదు. 1951లో పట్టా పొందకుండానే ఆయన విశ్వవిద్యాలయాన్ని వీడారు. ప్రవేశం, నిలదొక్కుకోవడం వేర్వేరు విషయాలని ఈ ఒక్క సంవత్సరపు అనుభవం చూపింది.

4. వాల్టర్ రిడ్లీ

వాల్టర్ నథానియల్ రిడ్లీ 1910లో వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ నగరంలో జన్మించారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1931లో డిగ్రీ, 1933లో ఎం.ఏ. పొందారు. వర్జీనియాలో పుట్టిన ఈ విద్యార్థికి ఆ రెండు పట్టాలూ రాష్ట్రం వెలుపలే లభించాయి. 1930ల నడుమ పీటర్స్‌బర్గ్‌లోని నల్లజాతీయుల ప్రభుత్వ కళాశాలలో మనస్తత్వశాస్త్ర అధ్యాపకులుగా చేరారు. వేర్పాటు విధానానికి సమర్థనగా రాష్ట్రం చూపుతూ వచ్చిన కళాశాల అదే. రాష్ట్రం 'సమానం' అని చెప్పిన వ్యవస్థ లోపలి పరిస్థితి ఆయనకు అధ్యాపకులుగా ప్రత్యక్షంగా తెలుసు.

స్వాన్సన్ ప్రవేశం తరువాత తెరుచుకొన్న దారిలో రిడ్లీ వర్జీనియా విశ్వవిద్యాలయ విద్యాశాస్త్ర విభాగంలో చేరి 1953లో డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్ పట్టాను ఉన్నత గౌరవాలతో అందుకొన్నారు. ఆ విశ్వవిద్యాలయపు తొలి నల్లజాతి పట్టభద్రులుగా, దక్షిణాదిలో అంతవరకు శ్వేతజాతీయులకే పరిమితమైన విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయులుగా ఆయనకు గుర్తింపు లభించింది. పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని చెప్పిన బ్రౌన్ తీర్పు వెలువడినది 1954 మే నెలలో. రిడ్లీ పట్టా దానికన్నా ముందుది.

చేరేనాటికే ఆయన నలభై ఏళ్ళ వయసులో ఉన్న స్థిరపడిన అధ్యాపకులు. నల్లజాతి ఉపాధ్యాయుల జాతీయ సంఘమైన అమెరికన్ టీచర్స్ అసోసియేషన్‌కు అధ్యక్షత వహించిన వ్యక్తి. డాక్టరేటు తరువాత ఉత్తర కరొలైనాలోని ఎలిజబెత్ సిటీ కళాశాలకు 1958 నుండి 1968 వరకు అధ్యక్షులుగా పనిచేశారు. అనంతరం పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌లో విద్యారంగ బాధ్యతలు నిర్వహించారు. 1996లో మరణించారు. ఆయన జీవితంలో వర్జీనియా విశ్వవిద్యాలయం గడిపిన కొద్ది సంవత్సరాలకన్నా, ఉపాధ్యాయులను తయారుచేయడంలో గడిచిన దశాబ్దాలే ఎక్కువ.

ఇక్కడ మరొక పేరును ప్రస్తావించడం అవసరం. పీటర్స్‌బర్గ్ కళాశాలలోనే గణితం బోధించిన లూయీజ్ స్టోక్స్ హంటర్ కూడా 1953లోనే అదే విశ్వవిద్యాలయం నుండి అదే డాక్టరేటు పొందారు. అక్కడ పట్టా పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. 'తొలి' అన్న విశేషణం ఒకరికే దక్కుతుంది. చరిత్ర మాత్రం ఒకరితో నడవదు.

5. రిడ్లీ నిధి: సొమ్ము దిశ మారిన క్రమం

రిడ్లీ పట్టా తరువాత మార్పు మెల్లగా సాగింది. తొలి నల్లజాతి డిగ్రీ విద్యార్థి రాబర్ట్ బ్లాండ్ ఇంజినీరింగులో పట్టభద్రుడైనది 1959లో. డిగ్రీ స్థాయిలో మహిళలకు సమాన ప్రవేశం 1970ల ఆరంభంలో, అదీ కోర్టు దావా తరువాతే లభించింది. 1970లలో ఫెడరల్ ప్రభుత్వంపై నడిచిన ఆడమ్స్ కేసు ఫలితంగా వర్జీనియా, మేరీలాండ్ సహా అనేక రాష్ట్రాలు తమ ఉన్నత విద్యలో వేర్పాటు అవశేషాలను తొలగించే ప్రణాళికలు సమర్పించవలసి వచ్చింది. నిషేధం ఎత్తివేయడం ఒక్కటే సరిపోదని అప్పటికి స్పష్టమైంది. తరతరాలుగా తమవారిని రానీయని సంస్థకు దరఖాస్తు చేయాలన్న ఆలోచనే అనేక నల్లజాతి కుటుంబాలకు సహజం కాదు. ప్రవేశం దొరికిన ప్రతిభావంతులు కూడా తమను సాదరంగా పిలిచే ఇతర సంస్థలను ఎంచుకొనేవారు.

ఈ నేపథ్యంలో 1987లో పూర్వవిద్యార్థుల చొరవతో వాల్టర్ రిడ్లీ పేరిట ఉపకారవేతన నిధి ఏర్పడింది. విశ్వవిద్యాలయానికి ప్రతిభావంతులైన నల్లజాతి విద్యార్థులను ఆకర్షించడం, వారికి ఆర్థికంగా అండగా నిలవడం దాని లక్ష్యాలు. అప్పటికి రిడ్లీ జీవించే ఉన్నారు.

డోవెల్ చట్టాన్నీ రిడ్లీ నిధినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మూడు తేడాలు కనిపిస్తాయి. మొదటిది ఇచ్చేవారు. అక్కడ సొమ్ము ఇచ్చినది శాసనసభ, ఇక్కడ ఇచ్చినవారు పూర్వవిద్యార్థులు, దాతలు. రెండవది దిశ. అక్కడ విద్యార్థి రాష్ట్రం వీడితేనే సహాయం, ఇక్కడ విద్యార్థి ఆ ప్రాంగణంలోకి వస్తేనే సహాయం. మూడవది జ్ఞాపకం. డోవెల్ సహాయం జాక్సన్ దరఖాస్తును మరుగున పడవేయడానికి పనికివచ్చింది. రిడ్లీ నిధి తన పేరుతోనే ఒక ప్రశ్నను ప్రతి సంవత్సరం గుర్తుచేస్తుంది: 1819లో స్థాపించిన విశ్వవిద్యాలయానికి తొలి నల్లజాతి పట్టభద్రుడు 1953 వరకు ఎందుకు లేడు?

మొదటి తేడాలో ఒక అన్యాయం కూడా దాగి ఉంది. బయటికి పంపడానికి ప్రజాధనం లభించింది. లోనికి పిలవడానికి మాత్రం ప్రధానంగా దాతల వితరణ అవసరమైంది. నష్టం చేసినది రాష్ట్రం కాగా, దిద్దుబాటు భారంలో పెద్దభాగాన్ని ఆ నష్టం అనుభవించిన సమాజమూ దాని మిత్రులూ మోశారు.

6. చరిత్రకు సాక్ష్యం అడిగిన న్యాయస్థానం

గతంలోని వివక్షను సరిదిద్దడానికి, లేదా విద్యార్థులలో వైవిధ్యాన్ని పెంచడానికి జాతిని పరిగణించే ఉపకారవేతనాలు ఇవ్వవచ్చునని అమెరికా విద్యాశాఖ 1994 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు జారీచేసింది. అదే సంవత్సరం అక్టోబరులో, వర్జీనియా, మేరీలాండ్‌లు రెండూ పరిధిలో ఉన్న నాలుగవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం పోడ్‌బెరెస్కీ కేసులో ఇందుకు భిన్నమైన తీర్పు ఇచ్చింది.

మేరీలాండ్ విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థుల కోసం బెంజమిన్ బానెకర్ పేరిట ఉపకారవేతనాలు నడిపేది. బానెకర్ 18వ శతాబ్దపు నల్లజాతి ఖగోళ, గణిత శాస్త్రవేత్త. హిస్పానిక్ మూలాలున్న డేనియల్ పోడ్‌బెరెస్కీ అనే విద్యార్థి తనకు ఆ అవకాశం నిరాకరించడాన్ని సవాలు చేశాడు. నల్లజాతి సమాజంలో తమకున్న చెడ్డపేరు, వారి సంఖ్య తక్కువగా ఉండడం, చదువు మధ్యలో ఆపేవారు ఎక్కువగా ఉండడం, ప్రాంగణంలో జాతిపరమైన ఉద్రిక్తత గత వివక్షకు కొనసాగింపులని విశ్వవిద్యాలయం వాదించింది. ఈ పరిస్థితులకూ గతానికీ మధ్య సంబంధం తగినంతగా రుజువు కాలేదనీ, ఉపకారవేతనం ఆ ఫలితాలను సరిచేయడానికి కచ్చితంగా సరిపోయే రీతిలో రూపొందలేదనీ న్యాయస్థానం అభిప్రాయపడింది. 1995లో సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు స్వీకరించలేదు. మేరీలాండ్ ఆ ఉపకారవేతనాలను మరొక పథకంతో కలిపి అన్ని జాతులవారికీ తెరిచింది.

ఈ తీర్పులో చరిత్రకారులు గమనించదగిన అంశం ఒకటుంది. ఒక సంస్థ తన గతాన్ని తానే ఒప్పుకొంటున్నది. ఆ గతం ఇంకా ముగియలేదని తానే చెబుతున్నది. ఆ ఒప్పుకోలు చాలదు, కార్యకారణ సంబంధం చూపాలని న్యాయస్థానం కోరింది. ఒక సంస్థకున్న చెడ్డపేరు ఏ దశకంలో ఏ మేరకు పుట్టిందో విడదీసి చూపడం దాదాపు అసాధ్యం. జాక్సన్ తరువాత దరఖాస్తు చేయాలన్న ఆలోచననే మానుకొన్నవారి పేర్లు ఏ దస్త్రంలోనూ ఉండవు. బహిష్కరణ ఎంత సమర్థంగా సాగితే దాని ఆనవాళ్ళు అంత తక్కువగా మిగులుతాయి.

అయితే ఎదుటి వాదనలోని బలాన్ని కూడా విస్మరించరాదు. పోడ్‌బెరెస్కీ కూడా సమాన రక్షణనే కోరాడు. హక్కు వ్యక్తిగతమైనదన్న గెయిన్స్ తీర్పులోని తర్కమే అతని వాదనకూ ఆధారం. 1938లో బహిష్కరణను ఖండించడానికి ఉపకరించిన సూత్రమే 1994లో దిద్దుబాటును పరిమితం చేయడానికీ ఉపకరించింది. ఇటువంటి న్యాయ వాతావరణంలో, పూర్వవిద్యార్థుల సంఘాల వంటి ప్రైవేటు సంస్థల ఆధ్వర్యంలోని నిధులకు ప్రాధాన్యం పెరిగింది. 2023 జూన్ 29న హార్వర్డ్, ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయాల కేసులలో సుప్రీంకోర్టు ప్రవేశాలలో జాతి పరిగణనను కొట్టివేసింది. ఆ తీర్పు నేరుగా ప్రవేశాలకు సంబంధించినదే అయినా, ఉపకారవేతనాల భవితవ్యంపై కొత్త చర్చకు దారితీసింది.

7. పేరు చేసే పని

వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇటీవలి దశాబ్దాలలో గతాన్ని గుర్తించే ప్రయత్నాలు పెరిగాయి. బానిస శ్రమను వినియోగించుకొన్నందుకు పాలకమండలి 2007లో విచారం ప్రకటించింది. ఆ శ్రామికుల స్మారక చిహ్నం 2020లో పూర్తయింది. అదే సంవత్సరం విద్యాశాస్త్ర విభాగపు రఫ్నర్ భవనానికి రిడ్లీ పేరు పెట్టాలని నిర్ణయించారు. విలియం హెన్రీ రఫ్నర్ వర్జీనియా తొలి ప్రభుత్వ విద్యాశాఖాధిపతి. పాఠశాలల్లో రెండు జాతులు కలిసి చదవడాన్ని వ్యతిరేకించిన వ్యక్తి.

భవనానికి పేరు పెట్టడమూ ఉపకారవేతనానికి పేరు పెట్టడమూ ఒకే రకమైన గౌరవాలు కావు. భవనంపై పేరు గతాన్ని గౌరవిస్తుంది. నిధికి పెట్టిన పేరు ఆ గౌరవానికి ఏటా కొంత మూల్యం చెల్లించేలా చేస్తుంది. నిధి ఆగిపోయి పేరు మాత్రమే మిగిలితే, ఆ పేరు సంస్థ ఔదార్యానికి అలంకారంగా మారే ప్రమాదం ఉంది. రిడ్లీని లోనికి రానిచ్చినది పాలకమండలి ఔదార్యం కాదు, న్యాయస్థానాల ఆదేశాలూ వాటి వెనుక ఉన్న ఉద్యమమూ అన్న వాస్తవం అప్పుడు మరుగున పడుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• ఉపకారవేతనం స్వభావరీత్యా సమానత్వ సాధనం కాదు. 1936 నాటి వర్జీనియాలో అది వేర్పాటు విధానాన్ని కాపాడే సాధనంగా పనిచేసింది. దాని విలువను నిర్ణయించేది మొత్తం కాదు, అది విద్యార్థిని చేర్చే చోటు.

• జాక్సన్ తిరస్కరణ, గెయిన్స్ తీర్పు, స్వాన్సన్ ప్రవేశం, రిడ్లీ, హంటర్‌ల పట్టాలు ఒకే చరిత్రలోని దశలు. రిడ్లీ నిధిని ఈ వరుస నుండి విడదీసి దాతృత్వ కార్యంగా మాత్రమే చూస్తే దాని అర్థం తగ్గిపోతుంది.

• వేర్పాటుకు ప్రజాధనం, దిద్దుబాటుకు ప్రధానంగా ప్రైవేటు విరాళాలు ఆధారమైన అసమానత ఈ చరిత్రలో కీలకమైనది. ఉపకారవేతనాల అధ్యయనాలు సొమ్ము మూలాన్ని కూడా పరిశీలించవలసి ఉంది.

• గతానికీ వర్తమానానికీ కార్యకారణ సంబంధం చూపాలని న్యాయస్థానాలు కోరుతున్న కాలంలో, తిరస్కరణ లేఖలు, పాలకమండలి తీర్మానాలు, సహాయ మంజూరు పత్రాల వంటి ప్రాథమిక ఆధారాలను వెలికితీసే చరిత్రకారుని పనికి న్యాయపరమైన ప్రాముఖ్యం కూడా ఏర్పడింది.

ఎలిస్ జాక్సన్ 1935లో అడిగినది ఆర్థిక సహాయం కాదు, ప్రవేశం. ఆమెకు లభించినది ప్రవేశం కాదు, ఆర్థిక సహాయం. ఈ రెండూ ఒకే విద్యార్థికి ఒకే చోట లభించాలన్నదే రిడ్లీ నిధి వెనుక ఉన్న ఆలోచన. ఉపకారవేతనంలో ఉపకారం పాలు ఎంత, హక్కు పాలు ఎంత అన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చే సమాధానం ఇదే: ప్రవేశాన్ని కాదని ఇచ్చినది ఉపకారమూ కాదు, ప్రవేశంతో కలిపి ఇచ్చినది ఉపకారం మాత్రమే కాదు.